సీజన్ మొదటి పోటీ: ఎదురెండలో ఈత

బుడమేరు నీళ్లు తీసిన తరువాత మా అపార్ట్‌మెంట్ పార్కింగులోకి దిగినప్పుడు, స్తంభానికి గొలుసుతో కట్టి ఉంచిన నా సైకిల్ హ్యాండిల్ దాకా బురద పట్టి కనిపించింది. 2024 సెప్టెంబరు 1న విజయవాడలోని సింగ్ నగర్‌ను ముంచిన ఆ వరదలో ఇంటి సామానూ, బండ్లూ, పిల్లల పుస్తకాలూ పోగొట్టుకున్నవాళ్లు మా వీధి నిండా ఉన్నారు. వాళ్ల మధ్య ఒక సైకిల్ గురించి బాధపడడం నాకు సబబుగా తోచలేదు కాబట్టి ఆ రోజు ఎవరితోనూ ఆ మాట అనలేదు. అయితే డిసెంబరులో కృష్ణ ఒడ్డున జరగబోయే ట్రయథ్లాన్‌కు నేను ఆగస్టులోనే పేరిచ్చి, డబ్బు కట్టి ఉన్నాను. ఇక్కడ రాస్తున్నది ఆ పోటీ గురించి, దానికి ముందు గడిచిన మూడు నెలల గురించి.

తెలియని వారి కోసం రెండు మాటలు. ట్రయథ్లాన్‌లో ఈత, సైకిల్, పరుగు ఒకదాని వెంట ఒకటి ఆగకుండా పూర్తి చేయాలి. మధ్యలో బూట్లు వేసుకోవడానికీ, హెల్మెట్ పెట్టుకోవడానికీ పట్టే సమయం కూడా మొత్తం లెక్కలోకే వస్తుంది. 2000లో సిడ్నీలో ఈ ఆట తొలిసారి ఒలింపిక్స్‌లో చేరింది. అక్కడి దూరం 1500 మీటర్ల ఈత, 40 కిలోమీటర్ల సైకిల్, 10 కిలోమీటర్ల పరుగు. అందులో సరిగ్గా సగం దూరాన్ని స్ప్రింట్ అంటారు. నేను దిగింది ఆ సగం దూరానికే. నా వయసు 41. ఉన్నత పాఠశాలలో లెక్కల టీచర్‌ని. 38వ ఏట గాంధీనగర్‌లోని కార్పొరేషన్ పూల్‌లో ఈత నేర్చుకున్నాను. ఇది నాకు మూడో సీజన్.

సీజన్ అన్న మాట దగ్గరే మన ప్రాంతంలో ఈ ఆట ఆడేవాళ్లకు అసలు చిక్కు మొదలవుతుంది. ఇంటర్నెట్‌లో దొరికే శిక్షణ ప్రణాళికలలో చాలా భాగం చలి దేశాల వాళ్లు తమ వాతావరణాన్ని బట్టి రాసుకున్నవి. చలికాలమంతా నెమ్మదిగా పునాది వేసుకుని, మంచు కరిగాక మొదటి పోటీలో పాల్గొని, వేసవిలో అసలు పోటీలకు చేరుకోవాలని అవి చెబుతాయి. మనకు వేసవి అంటే 40 డిగ్రీలు దాటే ఎండ, ఉదయం ఏడు గంటలకే కాలుతున్నట్టుండే రోడ్డు. ఆ తరువాత వచ్చే వానాకాలంలో నది తనలోకి ఎవరినీ దిగనివ్వదు. మనం పోటీ పడగలిగేది నవంబరుకూ ఫిబ్రవరికీ మధ్య మాత్రమే. అంటే వాళ్లు తీరిగ్గా పునాది వేసుకునే నెలల్లో మనకు పోటీలు జరుగుతాయి, మన పునాది మాత్రం మే ఎండలోనూ ఆగస్టు వరదలోనూ పడాలి. అందుకే మన దగ్గర సీజన్ మొదటి పోటీకి పూర్తిగా సిద్ధమై వచ్చేవాళ్లు అరుదు. ఇది ఒప్పుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది. ఆ రెండేళ్లూ తొలి పోటీలోనే నా అత్యుత్తమ సమయం రావాలని పట్టుబట్టి, అది రాకపోతే నెలంతా దిగులుపడ్డాను. ఈసారి గడియారాన్ని పక్కన పెట్టి, మూడు సంగతులు తెలుసుకోవడానికే దిగాలని నిర్ణయించుకున్నాను. పూల్‌లో నిలిచే ఊపిరి నదిలోనూ నిలుస్తుందా, బురదలో మునిగి లేచిన సైకిల్ 20 కిలోమీటర్లు గట్టిగా తొక్కితే తట్టుకుంటుందా, సైకిల్ దిగిన కాళ్లు ఎంతసేపటికి నా మాట వింటాయి అన్నవే ఆ మూడు.

సైకిల్‌ను ముందు నేనే మూడు సార్లు కడిగాను. పైకి కొత్తదానిలా మెరిసింది. మేస్త్రీ మాత్రం వెనక చక్రాన్ని చేత్తో పైకెత్తి ఒకసారి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, "టీచర్ గారూ, ఇది పైన కడిగితే పోయేది కాదండీ, నీళ్లు లోపలికెళ్లి కూర్చున్నాయి," అన్నాడు. యాక్సిల్ విప్పగానే రాగిరంగు నీళ్లు నాలుగు చుక్కలు అతని అరచేతిలో పడ్డాయి. లోపల గ్రీజు అన్నది లేదు. దాని స్థానంలో నలిగిన అరటిపండు గుజ్జులాంటి బురద ఉంది. సత్తు గిన్నెలో కిరోసిన్ పోసి చక్రం తిరగడానికి లోపలుండే బేరింగ్ బాల్స్ అన్నీ అందులో వేశాడు. తరువాత ఒక్కొక్కటే తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య దొర్లించి చూస్తూ, నున్నగా జారినవాటిని ఒక పక్కకు, గరుకు తగిలినవాటిని మరో పక్కకు పెట్టాడు. నున్నగా ఉన్నవి చివరకు మూడే మిగిలాయి. అన్నీ మార్చాల్సిందేనని చెప్పి, ఊరంతా బండ్ల మరమ్మతులతో మునిగి ఉన్న ఆ రోజుల్లో కూడా పది రోజుల్లో సైకిల్ చేతికిచ్చాడు. కొత్త భాగాలకు మాత్రమే డబ్బు తీసుకుని, కూలి ఎంతని అడిగితే వరద సైకిళ్లకు కూలి తీసుకోవడం లేదన్నాడు.

నది సంగతి వేరు. ఆ సెప్టెంబరు మొదటి వారంలో ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైంది. అంత నీరు బ్యారేజీ చరిత్రలోనే ఎప్పుడూ రాలేదు. ప్రవాహం తగ్గి గేట్లు దించేదాకా నదిలో ఈదేవాళ్లెవరూ నీళ్ల జోలికి పోలేదు. గేట్లు దించాక బ్యారేజీ పైవైపున నీరు పన్నెండడుగుల మట్టానికి నిలిచి పెద్ద చెరువులా మారుతుంది. అప్పుడు మాలాంటి వాళ్లం సీతానగరం వైపు రేవులో దిగుతాం. అక్కడ రోజూ ఈదే పెద్దవాళ్ల గుంపు ఒకటుంది. అరవై దాటిన ఒక పెద్దాయన నన్ను మొదటి రోజు గమనించి, "అమ్మాయ్, పూల్‌లో మాదిరిగా కింద గీత చూస్తా ఈదుదామనుకుంటే ఇక్కడ కుదరదు. పైన గుర్తు పెట్టుకో. పోయేటప్పుడు అమ్మవారి కొండ, వచ్చేటప్పుడు సీతానగరం కొండ," అని చెప్పారు. నదిలో మోచేతి కిందికి ఏమీ కనిపించదు. ఆరేడు బారలకు ఒకసారి కళ్లు మాత్రం నీటిపైకి తెచ్చి, కొండను చూసుకుని, మళ్లీ ముఖం నీళ్లలో పెట్టాలి. తల ఎక్కువగా ఎత్తితే నడుము కిందికి దిగిపోయి వేగం చస్తుంది. ఈ చిన్న పని కుదరడానికి నాకు నెల పట్టింది.

కార్తీకమాసంలో అత్తయ్య కూడా నాతో వచ్చేవారు. స్కూలు వేళకు ఇంటికి చేరాలి కాబట్టి ఐదున్నరకల్లా రేవులో ఉండేవాళ్లం. ఆవిడ అరటి దొప్పలో దీపం వదిలి, మెట్ల మీద కూర్చుని, నేను ఈది వచ్చేదాకా తువ్వాలు ఒడిలో పెట్టుకుని ఎదురుచూసేవారు. కొన్ని రోజుల్లో నేను చేతులాడించిన అలలకు దీపాలు దూరంగా జరిగేవి, వాటిని ఆర్పకుండా ఈదడమే ఒక సాధన అయింది. నేను నీళ్లలోంచి బయటికి వచ్చే వేళకు ఇంకా సూర్యుడు పైకి వచ్చేవాడు కాదు. ఈ వివరం ఇక్కడ ఎందుకు చెబుతున్నానో తరువాత తెలుస్తుంది.

పోటీ రోజున నాలుగున్నరకు రెండు ఇడ్లీలు తిని, కాఫీ తాగి, మావారితో కలిసి బ్యారేజీ దాటి అవతలి ఒడ్డుకు చేరాను. బ్యారేజీ మీదనే నాకు భయం మొదలైంది, ఎందుకంటే కారు దీపాలకు నాలుగు గజాల ముందు కూడా ఏమీ కనిపించనంత పొగమంచు ఉంది. ఆరూ నలభై ఐదుకు మొదలు కావలసిన ఈతను, దారి గుర్తులుగా నీళ్లలో తేలేలా వేసిన నారింజ రంగు బోయలు ఒడ్డు నుంచి కనిపించేదాకా ఆపుతున్నామని నిర్వాహకులు ప్రకటించారు. అది సరైన నిర్ణయమే. నీళ్లలో ఉన్న మనిషి కాపలా పడవకు కనిపించకపోతే పోటీ పెట్టకూడదు. చేతి మీద మార్కర్‌తో రాసిన నంబరుతో, ఒంటికి అంటుకుని ఉండే పలచని ట్రై సూట్‌లో ఇరవై ఐదు నిమిషాలు వణుకుతూ నిలబడ్డాం. ఈ దూరానికి నీరు 22 డిగ్రీలు దాటితే వెట్‌సూట్ (ఈతకు వేసుకునే మందపాటి రబ్బరు దుస్తులు) వేసుకోనివ్వరు, కృష్ణ డిసెంబరులోనూ అంతకంటే వెచ్చగానే ఉంటుంది. వెట్‌సూట్ చలి ఆపడమే కాక మనిషిని తేల్చి ఉంచుతుంది. ఆ ఆసరా మనకు ఎలాగూ లేదు కాబట్టి, దాన్ని నమ్ముకుని రాసిన ఈత పాఠాలను మనం కొంచెం జాగ్రత్తగా చదవాలి.

ఏడూ పదికి విజిల్ వేశారు. మొదటి వంద మీటర్లలో ఎవరి మడమో నా భుజానికి తగిలింది, నా చెయ్యి మరొకరి వీపు మీద పడింది, పూల్‌లో నాలుగు బారలకు ఒకసారి తీసుకునే ఊపిరి రెండు బారలకే అవసరమైంది. ఒక చోట గుర్రపుడెక్క వేరు మణికట్టుకు చుట్టుకుని, తడి జుట్టులా జారి వదిలేసింది. అయినా అమ్మవారి కొండ ఎదురుగా ఉంది. మంచు పైనుంచి కిందికి విడుతూ ముందు గోపురం, తరువాత మెట్ల దారి, తరువాత కొండ పాదం కనిపించాయి. మొదటి బోయ దాకా నా ఈత నాకే నచ్చింది. అక్కడ ఎడమకు తిరిగి నది ఎగువకు వెళ్లే భాగం కూడా బాగానే సాగింది. రెండో బోయ చుట్టి ఒడ్డు వైపు తిరిగి తల ఎత్తేసరికి నా ముందు నది లేదు. మంచు పూర్తిగా విడిపోయి, సూర్యుడు ఆగ్నేయంలో సరిగ్గా నేను పోవలసిన దిక్కున ఉన్నాడు. నీళ్లన్నీ కరిగిన బంగారం పోసినట్టు ఒకే తళుకు. చివరి బోయ ఎక్కడుందో తెలియదు, పక్కన ఈదుతున్నవాళ్లు తెలియదు. తెల్లవారుజాము చీకట్లో ఈదిన అలవాటుతో నేను పెట్టుకున్నవి రంగు లేని గాగుల్స్.

బోయ కోసం వెతుకుతూ మూడు సార్లు ఆగాను. ఆగిన ప్రతిసారీ నడుము కిందికి దిగింది, నాలుగోసారి నోట్లోకి నీళ్లు వెళ్లాయి. ఛాతీ బిగుసుకుని ఊపిరి లోపలికి పోయినట్టే ఉండి పోలేదు. చెయ్యి పైకెత్తాను. పది బారల దూరంలో ఉన్న కాపలా పడవ వెంటనే వచ్చింది. ముందుకు లాగించుకోనంత వరకు పడవను పట్టుకుని సేద తీరడం నిబంధనలకు విరుద్ధం కాదని నాకు తెలుసు, అయినా పట్టుకోవడానికి మనసు ఒప్పలేదు. పడవ నడిపే ఆయన నా ముఖం చూసి, "కంగారు పడమాకమ్మా, కాసేపు పట్టుకో," అన్నాడు. పట్టుకున్నాను. బోయ ఎటుందని అడిగితే, "బోయ ఎందుకమ్మా, కొండ కనపడతందిగా, దాని వంకే పో," అన్నాడు. నిజంగానే, ఆ తళుకు పైన సీతానగరం కొండ నల్లగా, స్పష్టంగా నిలబడి ఉంది. నెలరోజుల పాటు రోజూ చూసుకుంటూ ఈదిన కొండే. భయం పట్టగానే మనిషి చిన్న గుర్తు కోసం కళ్లు చికిలించి వెతుకుతాడు, ఎదురుగా ఉన్న పెద్ద గుర్తును మరిచిపోతాడు. దాదాపు ముప్పై సెకన్లు పడవను పట్టుకుని ఉన్నాను. ఆ తరువాత ఒడ్డు చేరేదాకా బోయను వెతకలేదు. దాని పక్కగా వెళ్తున్నప్పుడు అదే కనిపించింది. 21 నిమిషాల 10 సెకన్లకు కాళ్లకు రేవు మెట్టు తగిలింది.

నీళ్లలో పడుకుని ఉన్న ఒళ్లు ఒక్కసారిగా నిటారుగా నిలబడితే తల తిరుగుతుంది. ఆ తూలుతోనే సైకిళ్లు నిలిపిన చోటికి పరుగెత్తి నేరుగా సైకిల్ మీద చెయ్యి వేయబోయాను. వాలంటీరుగా ఉన్న ఒక అమ్మాయి, "అక్కా, ముందు హెల్మెట్!" అని అరవడంతో ఆగాను. హెల్మెట్ పట్టీ బిగించకుండా సైకిల్ స్టాండు నుంచి తీస్తే శిక్ష పడుతుంది. తడి కాళ్లకు మేజోళ్లు ఎక్కించడానికి పెనుగులాడి నాలుగు నిమిషాలు పోగొట్టుకున్నాను. వచ్చేసారి వాటి లోపల ముందుగానే పౌడర్ చల్లి ఉంచాలి.

కరకట్ట రోడ్డు మీద ఒక పక్క నది, మరో పక్క అరటి తోటలు, కూరగాయల మళ్లు. ఉండవల్లి నుంచి వెంకటపాలెం వైపు పది కిలోమీటర్లు వెళ్లి అదే దారిన తిరిగి రావాలి. వెళ్లేటప్పుడు సైకిల్ తనంత తానే పరుగెత్తుతున్నట్టు అనిపించింది, పది కిలోమీటర్లూ ఇరవై నిమిషాల్లో అయిపోయాయి. ఈతలో పడిన భయం పోయిన సంతోషంలో, అదంతా నా కాళ్ల బలమేననుకున్నాను. వెనక్కి తిరిగిన క్షణంలోనే తూర్పు గాలి ముఖానికి కొట్టి, అంతదాకా నన్ను తోసినది అదేనని చెప్పింది. ఎదురుగాలిలో వేగం తగ్గకూడదన్న పంతంతో పెద్ద గేరులోనే ఉండి తొక్కాను. అది తప్పని అప్పుడే తెలుసు. గాలికి ఎదురు వెళ్లేటప్పుడు గేరు తగ్గించి కాళ్లు చకచకా ఆడిస్తే తొడల్లో బలం పరుగుకు మిగులుతుంది. తెలిసినా చేయలేదు. పద్నాలుగో కిలోమీటరు దగ్గర కుడి పెడల్ కిందికి దిగినప్పుడల్లా టక్కుమని ఒక చప్పుడు మొదలైంది. బాల్స్ మార్చిన చక్రం సంగతేమో అని నా ప్రాణం అక్కడే ఉండిపోయింది. సీసాలో కలుపుకున్న నిమ్మకాయ, ఉప్పు, చక్కెర నీళ్లు తాగడం కూడా మరిచిపోయాను. సైకిల్ మాత్రం చివరిదాకా నిలబడింది. మొత్తం 44 నిమిషాల 20 సెకన్లు పట్టింది. ఆ చప్పుడు పెడల్ కాడను బిగించే క్రాంక్ బోల్టు కొద్దిగా వదులు కావడం వల్ల వచ్చిందనీ, చక్రాలు గట్టిగా ఉన్నాయనీ మర్నాడు మేస్త్రీ తేల్చాడు.

పరుగు గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే నాకు ఈ పోటీలో ఎక్కువ నేర్పింది అదే. సైకిల్ దిగిన కాళ్లు మనవి కావు. గంటకు ఇరవై ఏడు కిలోమీటర్ల వేగానికి అలవాటుపడిన కళ్లకు, పరుగెత్తుతుంటే చెట్లూ స్తంభాలూ కదలనట్టే ఉంటాయి. చాలా నెమ్మదిగా వెళ్తున్నానని అనిపించి నేను వేగం పెంచాను. మొదటి కిలోమీటరు రాయి దగ్గర గడియారం చూస్తే 5 నిమిషాల 55 సెకన్లు. విడిగా పరుగెత్తినప్పుడు కూడా నేను ఐదు కిలోమీటర్లు ఆ వేగంతో పూర్తి చేయలేను. రెండోది 6:50, మూడోది 7:20, నాలుగోది 7:30. మూడో కిలోమీటరులో ఎడమ పిక్క పట్టేసి, తోట గట్టు మీద చెయ్యి ఆనించి సాగదీసుకోవలసి వచ్చింది. మల్లెతోటలో పని చేస్తున్న ఒక ఆమె బిందె ఎత్తి చూపి, నీళ్లు కావాలా అని సైగ చేసింది. నిబంధనల ప్రకారం నిర్వాహకులు పెట్టిన చోటే తాగాలి కాబట్టి దణ్ణం పెట్టి కదిలాను. ఆ ముఖం ఇప్పటికీ గుర్తుంది. చివరి కిలోమీటరు 7:05కు పూర్తయింది. పరుగు 34 నిమిషాల 40 సెకన్లు, అంతా కలిపి గంటా నలభై ఆరు నిమిషాల 45 సెకన్లు. పోయిన సీజన్ చివరి పోటీ కన్నా తొమ్మిది నిమిషాలు ఎక్కువ.

ముందటి రెండేళ్లలో ఈ తొమ్మిది నిమిషాలు నన్ను నెలంతా తినేసేవి. ఈసారి ఇంటికి వచ్చి, స్నానం చేసి, పెరుగన్నం తిని, బోర్డు మీద లెక్క వేసినట్టు కాగితం మీద వేసి చూసుకున్నాను. పడవ దగ్గరా, బోయ వెతకడంలోనూ రెండు నిమిషాలు పోయాయి. మేజోళ్ల దగ్గర మరో రెండు. ఎదురుగాలిలో పెద్ద గేరు వల్ల సైకిల్ మీద పోయింది ఒక నిమిషమే గానీ, పరుగులో దాని వడ్డీ కనీసం మూడు నిమిషాలు కట్టాను. మిగిలిన నిమిషం సెప్టెంబరుది. బురద ఎత్తుతూ, స్కూలు గదులు కడుగుతూ గడిచిన ఆ నెల ఈతా పరుగూ లేకుండానే పోయింది. అందులో నేను సరిచేయగలిగింది ఏమీ లేదు, సరిచేయాలని కోరికా లేదు. మిగతావన్నీ ఫిబ్రవరిలోగా సరిచేసుకోగలిగినవే. ఆ సంగతి డిసెంబరులోనే తెలిసింది కాబట్టి, సిద్ధంగా లేకపోయినా సీజన్ మొదటి పోటీకి వెళ్లాల్సిందేనని నేను ఇప్పుడు మా పూల్‌లో కొత్తగా చేరేవాళ్లకు గట్టిగా చెబుతున్నాను.

ఆ రాత్రి అత్తయ్య ఒక్కటే అడిగారు. "పడవ పట్టుకున్నావని అబ్బాయి చెప్పాడు. మళ్లీ దిగుతావా?" దిగుతానన్నాను. "అయితే సూర్యుడొచ్చాక దిగు, నాకూ నువ్వు కనపడతావు," అన్నారు.

తరువాతి ఆదివారం ఏడూ పదికి సీతానగరం రేవు నుంచి, పెద్దాయన పక్కనే ఈదుతుండగా నది మధ్యకు వెళ్లాను. నల్లద్దాల గాగుల్స్ సంచిలోనే ఉంచేసి, కావాలనే ఆ రంగు లేనివే పెట్టుకున్నాను. ఎగువకు కొంత దూరం పోయి, ఒడ్డు వైపు తిరిగి, ఎండకు ఎదురుగా రెండు వందల మీటర్లు ఈది, మళ్లీ వెనక్కి పోయి, అలా ఆరు సార్లు. మొదటి రెండు సార్లు కళ్లు మంచి నీళ్లకుండ కోసం వెతికినట్టు తళుకులో దేనికోసమో వెతికాయి. మూడోసారి నుంచి కొండను చూడడం, ముఖం నీళ్లలో పెట్టడం, ఏడు బారలు లెక్కపెట్టడం, మళ్లీ కొండను చూడడం. ఆరోసారి మెట్లకు చేరినప్పుడు అత్తయ్య తువ్వాలు అందిస్తూ, ఈసారి ఒక్కసారి కూడా ఆగలేదని చెప్పారు.